నేను చదవని పద్నాలుగో అధ్యాయం

రోజూ పొద్దున్నే బైబిలు చదివే అలవాటును నేను ఒకే ఏడాదిలో మూడుసార్లు మొదలుపెట్టాను. సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించి అందులో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. అందుకని వాటిని ప్రయత్నాలు అనకుండా వెర్షన్లు అన్నాను. ప్రయత్నం చెడిపోతే మనిషికి నామోషీ. వెర్షన్ చెడిపోతే తర్వాతి వెర్షన్ వస్తుంది, అంతే.

మొదటి వెర్షన్ జనవరి ఒకటిన మొదలై తొమ్మిదిన ఆగింది. ఇక్కడ న్యూజిలాండ్‌లో జనవరి అంటే ఎండాకాలం, సెలవులు. ఊరంతా సముద్రం ఒడ్డున ఉంటే నేనొక్కణ్ణి ఆరింటికి లేచి కూర్చోవడం కుదరలేదు. రెండోది ఏప్రిల్‌లో, గడియారాలను గంట వెనక్కి తిప్పే ఆదివారం తర్వాత మొదలైంది. దానివల్ల పొద్దున ఒక గంట అదనంగా దొరుకుతుందని లెక్క వేశాను. దొరికింది. ఆ గంట కూడా నిద్రపోయాను. ఆ వెర్షన్ ఆయుష్షు ఐదు రోజులు.

మూడోదాన్ని జూన్‌లో ఒక సోమవారం విడుదల చేశాను. బైబిల్లో మొత్తం 1,189 అధ్యాయాలు. 365తో భాగిస్తే రోజుకు 3.257. అంటే కొన్ని రోజులు మూడు, కొన్ని రోజులు నాలుగు. ఏ రోజు మూడో, ఏ రోజు నాలుగో ఎక్సెల్ షీట్‌లో వేసుకున్నాను. తేదీ, అధ్యాయాలు, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, ‘చదివాను’ అని టిక్ పెట్టే గడి, టిక్ పెడితే ఆకుపచ్చగా మారే వరస. ఈ షీట్ తయారు చేయడానికి మూడు సాయంత్రాలు పట్టింది. ఆ మూడు సాయంత్రాలూ బైబిలు తెరవలేదు.

నేనుండే ఊరు పామర్‌స్టన్ నార్త్‌లో మా తెలుగు సహవాసం అంటే ఎనిమిది కుటుంబాలు, ఒక పెళ్ళికానివాడు. ఆ ఒక్కడూ నేనే. శనివారం సాయంత్రం ఐదింటికి ఎవరో ఒకరి ఇంట్లో కూడుకుంటాం. పాస్టరుగారు లేరు. పాలపొడి ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే అంకుల్ ఒకాయన ముందుండి నడిపిస్తారు. సహవాసానికి వాట్సాప్ గ్రూపు ఉంది. పొద్దున వాక్యం, అంటే బైబిలు, చదువుకున్నవాళ్ళు ఏ భాగం చదివారో, దాని ద్వారా దేవుడు తమతో ఏం మాట్లాడాడో ఒక్క వాక్యంలో అందులో పెట్టాలన్నది అంకుల్ పెట్టిన పద్ధతి. మిగతావాళ్ళు ఆమేన్ అంటారు.

చదవడం ఒక పని, దాని గురించి రాయడం రెండో పని. చలికి వేళ్ళు కొంకర్లు పోయే జూన్ నెలలో రెండో పని నాకు అనవసరం అనిపించింది. చేతితో చేస్తున్న పనిని యంత్రానికి అప్పగించడం నాకు జీతమిచ్చే విద్య. అందుకని చిన్న ప్రోగ్రాం రాశాను. షీట్‌లో టిక్ పడి ఉంటే ఆ రోజు అధ్యాయాలు తీసుకుని, నేను ముందే రాసిపెట్టిన ఐదు వాక్యాల్లోంచి ఏదో ఒకటి ఎంచుకుని, ఆరూ పదికి గ్రూపులో పెడుతుంది. ఆ ఐదు వాక్యాలు ఇవి: నా హృదయం ఎంతో ఆదరణ పొందింది. నా తప్పును ప్రభువు సరిచేశాడు. ఉన్నచోటనే నిలిచి ఉండమని ధైర్యమిచ్చాడు. ఈ రోజుకు కావలసిన బలమిచ్చాడు. స్తుతించడానికి కొత్త కారణం చూపించాడు. బైబిల్లో ఏ అధ్యాయానికైనా ఈ ఐదింట్లో ఒకటి సరిపోతుందని నా అంచనా.

పది రోజులు సక్రమంగా చదివాను. పదకొండో రోజున ఆదికాండములో ఒక వంశావళి వచ్చింది. ఫలానా ఆయన కొడుకులు, వాళ్ళ కొడుకులు, వాళ్ళలో నాయకులు. జాబితాలంటే ప్రాణం పెట్టే నేను ఆ జాబితా మీదే తల వాల్చి నిద్రపోయాను. ఎలాగో పూర్తి చేసి టిక్ పెట్టాను. పన్నెండో రోజు లేచేసరికి ఏడూ నలభై. టిక్ లేదు కాబట్టి మెసేజ్ వెళ్ళలేదు. ప్రోగ్రాం నిజాయితీగా పనిచేసిందని మనసులో మెచ్చుకుంటూ పళ్ళు తోముకుంటుంటే ఫోన్ మోగింది.

“బాబూ, ఒంట్లో బాగాలేదా?”

ఫోన్ చేసినావిడ మా సహవాసంలో అందరికంటే పెద్ద, అరవై దాటిన ఆంటీ. భీమవరం వైపు మనిషి. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే కూతురి దగ్గర రెండేళ్ళుగా ఉంటోంది. నా ప్రణాళిక విన్న రోజునే, తనూ నాతోపాటే చదువుతానని చేరింది. నా మెసేజ్ చూసుకుని బైబిలు తెరుస్తుంది. చదివిన సంగతులు నీలం సిరాతో నోటు పుస్తకంలో రాసుకుంటుంది. కింద నా వాక్యాన్ని ఎర్ర సిరాతో ఎక్కిస్తుంది.

“బాగానే ఉన్నానాంటీ. కొంచెం లేటైంది.”

“హమ్మయ్య. మెసేజ్ రాకపోయేసరికి నా గుండె ఆగినంత పనైంది. ఒంటరి కుర్రాడివి, ఏమైపోయావో అని. ఇవాళ ఏ అధ్యాయాలో చెప్పు, కూర్చుంటాను.”

షీట్ చూసి చెప్పాను. చదివినట్టే చెప్పాను. ఆ సాయంత్రం ప్రోగ్రాంలోంచి టిక్ చూసే షరతు తీసేశాను. ఆంటీ కంగారు పడకూడదని తీసేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. రెండు రోజుల్లో వెనకబడినవన్నీ చదివేసి మళ్ళీ పెట్టేస్తానని కూడా చెప్పుకున్నాను. ‘తాత్కాలికం’ అని కోడ్‌లో పక్కన రాశాను. మా ఆఫీసు కోడ్‌లో ఆ మాట ఉన్న చోట్లు కొన్ని నేను చేరకముందు నుంచీ ఉన్నాయి.

అక్కడి నుంచి ఏ పొద్దునా ఒక్క నిమిషం కూడా తేడా లేకుండా మెసేజ్ వెళ్ళింది. సహవాసంలో నా పరపతి పెరిగింది. శనివారాలు అంకుల్ నన్ను తన పక్కన కూర్చోబెట్టుకునేవారు. “చూశారా, చదువుకున్న కుర్రాడు, ఆఫీసు పని, వంట, అన్నీ ఉన్నా ఆరూ పది అయ్యేసరికి వాక్యం పూర్తి,” అనేవారు. నేను తల దించుకునేవాణ్ణి. అది వినయంగా కనపడి పరపతి ఇంకా పెరిగేది.

ముప్పై రెండో రోజు గురువారం. శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఆంటీ కూతురు ఫోన్ చేసింది. వయసులో నాకంటే పెద్దది, అక్కా అని పిలుస్తాను.

“తమ్ముడూ, నిన్న పొద్దున గ్రూపులో ఏం పెట్టావో గుర్తుందా?”

గుర్తుండడానికి పెట్టింది నేను కాదు. “ఏమైందక్కా?” అన్నాను.

“ఏమైందా? అమ్మ ఇల్లు మారనంటోంది!”

వాళ్ళ ఇంటి సంగతి సహవాసంలో అందరికీ తెలుసు. పాత చెక్క ఇల్లు, అద్దెది. ఎండ ముఖం చూడని వైపు రెండు పడకగదులు. చలికాలంలో కిటికీ అద్దాలు లోపలి నుంచి చెమటలు కక్కుతాయి. పైకప్పు మూలల్లో నల్ల బూజు. అక్క బ్లీచ్ పెట్టి తుడిస్తే పది రోజుల్లో మళ్ళీ వస్తుంది. అక్క కూతురు, ఏడేళ్ళ పాప, మే నెల నుంచి దగ్గుతూనే ఉంది. నాలుగు నెలలు వెతికితే ఆ వారమే ఒక ఇల్లు దొరికింది. పొడి ఇల్లు, గది వెచ్చబరిచే హీట్ పంప్ ఉంది, స్కూలుకు నడిచి వెళ్ళొచ్చు. ఆదివారం మధ్యాహ్నంలోగా అవుననో కాదనో చెప్పాలి. వెనక ఇంకా ఇద్దరు క్యూలో ఉన్నారు.

“ఆంటీ ఎందుకు వద్దంటున్నారు?”

“ఇక్కడి చర్చి, కూరగాయల కొట్టు, పక్కింటి సమోవా ఆవిడ, అన్నీ అలవాటయ్యాయి అనేది. అయినా ఒప్పుకునేలాగే ఉంది. నిన్న బూజు గురించి బైబిల్లో అధ్యాయం వచ్చిందట. కింద నువ్వేమో ‘ఉన్నచోటనే నిలిచి ఉండమని ధైర్యమిచ్చాడు’ అని పెట్టావు. ఇంకేముంది, వాక్యం వచ్చేసింది, కదలను అంటోంది. బూజు మీద అంత ధైర్యం నీకెక్కడి నుంచి వచ్చిందిరా?”

“బైబిల్లో బూజు ఉందా?” అని నోటి దాకా వచ్చింది. మింగేశాను. “రేపు సాయంత్రం మాట్లాడతానక్కా,” అన్నాను.

“మాట్లాడు. రేపు మా ఇంట్లోనే కూడిక. ఆ అధ్యాయాన్ని నువ్వే వివరించాలని అమ్మ అంకుల్‌కి ఫోన్ కూడా చేసేసింది.”

మావాళ్ళలో ఇది మామూలే. ఉద్యోగం మారాలన్నా, సంబంధం ఒప్పుకోవాలన్నా, కారు కొనాలన్నా దేవుడి వాక్యం కోసం కనిపెట్టుకుని ఉంటారు. ఆ రోజు చదివిన భాగంలో ఒక మాట తమ పరిస్థితికి అతికినట్టు కనపడితే, జవాబు వచ్చిందంటారు. అది నమ్మకం. నేనూ నమ్ముతాను. నా ప్రోగ్రాం మాత్రం ఐదింట్లో ఒకటి గుడ్డిగా తీసింది.

కారులో కూర్చుని ఆ అధ్యాయం తీశాను. లేవీయకాండము పద్నాలుగు. ఇంటి గోడకు కుష్ఠు, అంటే బూజులాంటి తెగులు, పట్టడం గురించి అందులో సగం అధ్యాయం ఉంది. నేను ఆశ్చర్యపోయాను. అది అచ్చంగా మా ఆఫీసులో తప్పులు పరిష్కరించే పద్ధతి. ఇంటి యజమాని వచ్చి యాజకుడికి, అంటే ఆనాటి పూజారికి, చెప్పాలి. యాజకుడు రాకముందే సామాన్లన్నీ బయట పెట్టాలి. ఆయన చూసి ఏడు రోజులు ఇల్లు మూసేస్తాడు. మళ్ళీ వచ్చి చూస్తాడు. పాకితే ఆ రాళ్ళు తీసేసి, గోడ గీకి, కొత్త రాళ్ళు పెట్టి పూత పూయాలి. మళ్ళీ పుట్టిందా, ఇల్లు మొత్తం పడగొట్టి ఊరి బయట పారేయాలి. పుట్టకపోతే ఆ ఇల్లు శుద్ధం. ఇంత చక్కటి ఫ్లోచార్టు నా ఉద్యోగంలో ఎవరూ నాకు ఇవ్వలేదు. ముప్పై రెండో రోజున చదివి ఉంటే బహుశా అలవాటు అక్కడే కుదిరిపోయేది.

నాలుగుసార్లు చదివాక నాకు ఒక ఉపాయం తట్టింది. బ్లీచ్ పెట్టినా మళ్ళీ వస్తోంది కాబట్టి, ఈ అధ్యాయం ప్రకారం ఆ ఇంట్లో ఉండకూడదు. అది చక్కగా వివరిస్తే ఆంటీ తనంతట తానే ఒప్పుకుంటుంది. ప్రోగ్రాం ఊసు ఎత్తాల్సిన పనే లేదు. అబద్ధం ఆడకుండా, నిజం చెప్పకుండా సమస్య తీరిపోతుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

శనివారం సాయంత్రం వాళ్ళ ముందుగదిలో అందరూ స్వెట్టర్ల మీద స్వెట్టర్లతో కూర్చున్నారు. పాటలయ్యాయి. లోపలి గదిలోంచి పాప దగ్గు వినిపిస్తోంది. నేను లేచి, తెచ్చుకున్న చార్టు గోడకు ఆనించి మొదలుపెట్టాను. మొదటి తనిఖీ, ఏడు రోజులు, రెండో తనిఖీ, గీకడం, పూత, మూడో తనిఖీ. “బూజు మళ్ళీ వస్తే, ఆ ఇంటిని వదిలిపెట్టాల్సిందే,” అని చివరి బాణం గుర్తు మీద వేలు పెట్టాను.

ఆంటీ చెయ్యెత్తింది. “బాబూ, అందులో పచ్చగా గానీ ఎర్రగా గానీ అని ఉంది. మాది నలుపు.”

“రంగు ఏదైనా సూత్రం ఒకటే ఆంటీ.”

“సరే. అయితే మళ్ళీ రాకపోతే శుద్ధం అని కూడా ఉందిగా? మీ అక్క మూడు వారాల కిందట తుడిచింది. ముందు గదిలో రాలేదు, వెనక గదిలో వచ్చింది. మరి మాది దేని కిందికి వస్తుంది? ఇల్లు సంగతి తేలకే గురువారం తెల్లవారుజామున గంటసేపు మోకాళ్ళ మీద ఉన్నాను. ఉండమంటావా, పొమ్మంటావా ప్రభువా అని. లేచి ఫోన్ చూస్తే నీ మెసేజ్.” నోటు పుస్తకం తెరిచి ఎర్ర సిరాతో రాసిన మాట నాకు చూపించింది. “ఉన్నచోటనే నిలిచి ఉండమని. ఇప్పుడేమో వదిలెయ్యాలంటున్నావు. ఆ రోజు నీకు నిలిచి ఉండమని ఈ అధ్యాయంలో ఎక్కడ కనపడింది? ఆ వచనం చెప్పు, చాలు.”

ఆ వచనం లేదు. చార్టులోనూ లేదు. అక్క నా వైపే చూస్తోంది. లోపల పాప మళ్ళీ దగ్గింది.

“ఆంటీ, ఆ మాట నేను రాయలేదు,” అన్నాను.

“మరెవరు రాశారు?”

“కంప్యూటర్ రాసింది.”

“దానికి ఎవరు చెప్పారు?”

“నేనే.”

“అయితే నువ్వే రాశావు.”

అక్కడితో నా సాంకేతిక వివరణ ముగిసింది. అంతా చెప్పేశాను. ఐదు వాక్యాలు, ఆరూ పది, టిక్, టిక్ తీసెయ్యడం. అంకుల్ కళ్ళజోడు సర్దుకుని ఫోన్ తీసి పాత మెసేజ్‌లు వెనక్కి జరుపుకుంటూ పోయారు.

“ఐగుప్తు మీదికి కప్పల తెగులు వచ్చిన అధ్యాయం రోజున ‘నా హృదయం ఎంతో ఆదరణ పొందింది’ అని పెట్టావు. కప్పల్లో ఆదరణేమిట్రా అని అనుకున్నాను అప్పుడే. కుర్రాడు లోతుగా చదువుతున్నాడేమోలే అని ఊరుకున్నాను.”

“నేను ఆమేన్ కూడా పెట్టాను,” అంది వాళ్ళావిడ, నా వైపు నిష్ఠూరంగా చూస్తూ.

“ఎన్ని రోజులు?” అంది ఆంటీ.

“ఇరవై మూడు.”

“లెక్క మాత్రం తప్పవు,” అంది. ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. నోటు పుస్తకంలో పేజీలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పుతూ ఎర్ర సిరా చోట వేలు ఆపి, మళ్ళీ తిప్పుతూ ఉంది. “నేను ఒక్కదాన్నే చదువుతున్నానన్నమాట ఇన్నాళ్ళూ,” అంది.

పుస్తకంలోంచి తల ఎత్తి నన్ను అడిగింది. “ఇప్పుడైనా చదివావా ఈ అధ్యాయం?”

“నాలుగుసార్లు.”

“నీకేమనిపించింది? కంప్యూటర్‌కి కాదు.”

“నిజంగానా ఆంటీ? ఇంట్లో బూజుంటే యాజకుడు తనంతట తాను రాడు. ఇంటాయనే వెళ్ళి, నా ఇంట్లో ఏదో ఉన్నట్టుంది అని చెప్పాలి. నిన్నటి నుంచి ఆ మాట దగ్గరే ఆగిపోతున్నాను. చార్టులో కూడా ఆ గడిని చిన్నదిగా గీశాను.”

ఆంటీ చార్టు వైపు చూసింది. నిజంగానే చిన్నది. నోటు పుస్తకంలో గురువారం పేజీ తీసి, ఎర్ర సిరా మాటను అడ్డంగా కొట్టేసి, పక్కన ‘ఇంటివాళ్ళే ఒప్పుకోవాలి’ అని రాసింది. తర్వాత కూతురి వైపు తిరిగింది. “అమ్మాయ్, ఆ ఇంటివాళ్ళకి ఫోన్ చెయ్యి. వస్తున్నామని చెప్పు.”

“రేపు మధ్యాహ్నం దాకా టైముందమ్మా, ఆలోచించుకో—”

“మళ్ళీ ఈ అబ్బాయి ఏం పెడతాడో! ఇప్పుడే చెయ్యి.”

అందరూ నవ్వారు. నేను కొంచెం ఆలస్యంగా నవ్వాను.

రెండు వారాల తర్వాత ఇల్లు మారారు. బరువులు మోసే పనితోపాటు, పాత ఇల్లు అప్పగించేముందు పైకప్పులు తుడిచే పని కూడా నాకే పడింది. ఎవరూ శిక్ష అనలేదు. అంకుల్ ఒక నిచ్చెన, ఆంటీ ఒక బకెట్ ఇచ్చారంతే. అద్దె ఏజెంటు వచ్చి మూల మూలా చూసి ఫొటోలు తీసుకుని వెళ్ళింది. ప్రోగ్రాంను మాత్రం ఆ శనివారం రాత్రే తీసేశాను. షీట్ ఉంచాను. అందులో ఇరవై మూడు వరసలు తెల్లగా ఉన్నాయి.

ప్రోగ్రాం లేకపోయేసరికి నా అసలు బలం ఎంతో తెలిసింది. ఒక రోజు చదివితే రెండు రోజులు లేదు. చదవని రోజున గ్రూపులో ‘ఈ రోజు చదవలేదు’ అని పెట్టడం మొదలుపెట్టాను. మొదట్లో అలవాటు కొద్దీ దానికి కూడా ఇద్దరు ఆమేన్ పెట్టారు.

కొత్త ఇంట్లోకి వెళ్ళిన పది రోజులకు ఆంటీ ఫోన్ చేసింది. పొద్దున కాదు, మధ్యాహ్నం.

“బాబూ, నా చదువు పాడైపోయింది.”

“ఏమైందాంటీ?”

“ఏం చెప్పను. ఆ ఇంట్లో చలికి నాలుగున్నరకే మెలకువొచ్చేసేది. ఎలాగూ నిద్ర పట్టదని బైబిలు పట్టుకునేదాన్ని. ఇక్కడ మీ అక్క ఆ హీట్ పంప్ వేసి పడుకుంటుంది. గదంతా గోరువెచ్చగా ఉంటుంది. కళ్ళు తెరిచేసరికి ఎనిమిది! పదిరోజుల్లో రెండుసార్లు చదివాను. ఇన్నాళ్ళూ నాది భక్తి అనుకున్నాను.”

పాప దగ్గు తగ్గిందా అని అడిగాను. పూర్తిగా తగ్గిందని చెప్పి మళ్ళీ తన బాధలోకి వచ్చింది. నాకు వెంటనే అలారం యాప్, మాట్లాడే గడియారం, ఆడియో బైబిలు, ఆ వరసలో నాలుగు పరిష్కారాలు తోచాయి. నోరు తెరిచేలోపే ఆవిడ అంది. “మిషన్ ఏదీ పెట్టకు. నువ్వే ఫోన్ చెయ్యి. నువ్వు చదువు, నేను వింటాను. నువ్వు చదువుతున్నావో లేదో నాకు తెలుస్తుంది, నేను లేచానో లేదో నీకు తెలుస్తుంది.”

అప్పటి నుంచి ఆరున్నరకు ఫోన్ చేస్తున్నాను. నేను లేవకపోతే ఆవిడ లేవదు. ఆవిడ లేవకపోతే ఎక్కడ ఆగామో నాకు గుర్తుండదు, ఆ నోటు పుస్తకం ఆవిడ దగ్గరే ఉంది. ఎర్ర సిరా చోట ఇప్పుడు ఆవిడ నన్ను అడిగి రాసుకుంటుంది. చాలా రోజులు ‘బాబుకు అర్థం కాలేదు’ అని రాయిస్తున్నాను. ఆదివారాలు, ఇద్దరిలో ఒకరికి జలుబు చేసిన రోజులు పోగా, వారానికి ఐదు రోజులు నడుస్తోంది. 1,189 అధ్యాయాలు ఏడాదిలో కావు. ఎప్పటికవుతాయో లెక్క వెయ్యలేదు. వేస్తే ఎక్సెల్ తెరవాలి.

మొన్న సోమవారం నాలుగో రింగుకు ఎత్తింది. “మొదలుపెట్టు, వింటున్నాను,” అంది, దుప్పట్లోంచి వస్తున్న గొంతుతో. మొదటి అధ్యాయం అయింది. రెండోది సగంలో ఉండగా అటువైపు నుంచి సన్నగా గురక వినపడింది. ఇంకో రెండు వచనాలు చదివి, పాపం పడుకోనిద్దామని ఆగాను.

“ఎందుకాపావు?” అంది ఆంటీ.